వెంట్రుకల పరీక్షతో ఖనిజాలు, హార్మోన్లు చూడడం: శాంపిల్ ఇవ్వడం నుంచి రిపోర్టు చదవడం దాకా

జుట్టు ఊడుతోందనో, నీరసంగా ఉందనో, నెలసరి తప్పుతోందనో వెళ్తే ‘హెయిర్ మినరల్ టెస్ట్’ చేయించుకోమన్నారు, ఎలా ఇవ్వాలి, రిపోర్టులో ఏం చూడాలి అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. జుట్టు కత్తిరించడం అయిదు నిమిషాల పని. తప్పులన్నీ దానికి ముందు వారాల్లోనో, రిపోర్టు చేతికొచ్చాకో జరుగుతాయి.

ఈ పరీక్ష కొన్ని ప్రశ్నలకే పనికొస్తుంది. మీ ప్రశ్న వాటిలో లేకపోతే రెండో మెట్టు చదివి ఆగిపోండి, డబ్బు మిగులుతుంది.

1. మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

“ఒంట్లో మినరల్స్ ఎలా ఉన్నాయో ఓసారి చూద్దాం” అంటే అది ప్రశ్న కాదు. ఏ అంకె వచ్చినా దానికో అర్థం అల్లేయొచ్చు.

“మా బోరు నీళ్లలో ఆర్సెనిక్ ఉందని తేలింది, గత కొన్ని నెలల్లో అది మా ఒంట్లో చేరిందా?” అనేది ప్రశ్న. “వారానికి నాలుగైదుసార్లు సముద్రపు చేపలు తింటాం, పిల్లల కోసం చూస్తున్నాం, పాదరసం ఎంతుంది?” అనేదీ ప్రశ్నే.

వాక్యం కింద ఇంకో రెండు ముక్కలు రాయండి: ఎక్కువ వస్తే ఏం చేస్తాను, తక్కువ వస్తే ఏం చేస్తాను. రెండిటికీ జవాబు ఒకటే అయితే పరీక్ష అక్కర్లేదు.

2. వెంట్రుకలో ఏది తెలుస్తుంది, ఏది తెలియదు

వెంట్రుక కుదురులో తయారయ్యేటప్పుడు రక్తంలో తిరిగే కొన్ని పదార్థాలు అందులో చేరతాయి. చర్మం దాటి బయటికొచ్చాక ఆ భాగానికి రక్తంతో సంబంధం ఉండదు. తల వెంట్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. అంటే మాడును అంటి ఉన్న 3 సెంటీమీటర్లు దాదాపు గత మూడు నెలల లెక్క. ఈ పరీక్షకున్న బలమంతా ఇదే.

*బాగా పనికొచ్చేది:* చేపల ద్వారా వచ్చే మిథైల్ పాదరసం. రక్తంలోకంటే వెంట్రుకలో ఇది సుమారు 250 రెట్లు ఎక్కువగా పోగవుతుంది. 1971–72లో ఇరాక్‌లో పాదరసం మందు పట్టించిన విత్తన గోధుమలను జనం రొట్టెలు చేసుకుని తిన్నప్పుడు, ఎవరి ఒంట్లోకి ఎప్పుడు ఎంత వెళ్లిందో పరిశోధకులు వెంట్రుకను ముక్కలు ముక్కలుగా కొలిచి చెప్పగలిగారు.

*జాగ్రత్తగా వాడుకోవాల్సింది:* ఆర్సెనిక్. పశ్చిమ బెంగాల్ లాంటి చోట్ల ఊళ్లకు ఊళ్లు సర్వే చేసేటప్పుడు వెంట్రుకలూ గోళ్లూ తీసుకుంటారు. అయితే ఆ నీళ్లతోనే తలస్నానం చేస్తే ఆర్సెనిక్ బయటినుంచి కూడా వెంట్రుకకు పడుతుంది. తాగిందేదో అంటిందేదో వేరు చేయడం కష్టం.

*హార్మోన్లలో కొంత నమ్మదగినది:* కార్టిసాల్, అంటే ఒత్తిడికి ఒంట్లో విడుదలయ్యే హార్మోన్. రక్తంలో అది గంటగంటకూ మారుతుంది, వెంట్రుకలో నెలల సగటు దొరుకుతుంది. ఒత్తిడి మీద జరిగే పరిశోధనల్లో అందుకే వాడతారు. కానీ “ఇంత దాటితే జబ్బు” అని అందరూ ఒప్పుకున్న గీత ఇంకా లేదు. టెస్టోస్టెరాన్, ప్రొజెస్టెరాన్ లాంటివీ వెంట్రుకలో కొలవొచ్చు. అది పరిశోధనకు సరిపోతుంది, మీకు మందు రాయడానికి సరిపోదు.

*వెంట్రుకతో తేల్చకూడనివి:* ఐరన్, కాల్షియం, మెగ్నీషియం, జింక్, సోడియం, పొటాషియం లోపాలు. థైరాయిడ్, ఇన్సులిన్, ప్రొలాక్టిన్, నెలసరిని నడిపించే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ హార్మోన్లు. విటమిన్ డీ, బీ12.

జింక్ సంగతే చూడండి. లోపం తీవ్రంగా ఉంటే జుట్టు పెరగడమే మందగిస్తుంది, దాంతో ఉన్న కాస్త వెంట్రుకలో జింక్ మామూలుగానో, ఎక్కువగానో కనిపించవచ్చు. లోపం ఉన్నవాడికి “మీకు ఎక్కువైంది” అని రిపోర్టు వస్తుందన్నమాట. కాల్షియం కథ ఇంకోరకం. రక్తంలో దాన్ని పారాథైరాయిడ్ గ్రంథులు కట్టుదిట్టంగా పట్టి ఉంచుతాయి. వెంట్రుకలో మాత్రం సున్నం ఎక్కువున్న (హార్డ్) బోరు నీళ్లతో నాలుగు తలస్నానాలు చేస్తే అంకె పెరిగిపోగలదు.

3. ల్యాబ్‌ను ఎంచుకోండి

2001లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. ఒకే మనిషి జుట్టును పంచి ఆరు ల్యాబ్‌లకు పంపారు. 12 ఖనిజాల విషయంలో అతి తక్కువ అంకెకూ, అతి ఎక్కువ అంకెకూ మధ్య తేడా పది రెట్లు దాటింది. తిండి గురించి ఇచ్చిన సలహాలు కూడా ఒకదానికొకటి పొసగలేదు. అందుకని ల్యాబ్‌ను డబ్బు కట్టకముందే ఇవి అడగండి:

- [ ] ఏ పద్ధతిలో కొలుస్తారు? లోహాలకు ఐసీపీ-ఎంఎస్, కార్టిసాల్‌కు ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ అయితే మంచిది (రెండూ అతి చిన్న మోతాదుల్నీ కొలిచే యంత్ర పద్ధతుల పేర్లు).
- [ ] ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా? ఉంటే *వెంట్రుకలో ఈ పరీక్షకు* ఉందా? గుర్తింపు పరీక్షల వారీగా ఇస్తారు. రక్త పరీక్షలకు ఉన్న ముద్రను వెంట్రుకల రిపోర్టు మీద చూసి మోసపోవద్దు.
- [ ] శాంపిల్‌ను కొలిచేముందు కడుగుతారా, దేనితో? కడిగినదాని అంకె, కడగనిదాని అంకె వేరు. రెండు ల్యాబ్‌ల రిపోర్టులు పక్కపక్కన పెట్టి పోల్చకూడదనడానికి ఇదొక్కటి చాలు.
- [ ] ఎంత బరువు, ఎంత పొడవు కావాలి?
- [ ] రిపోర్టుతోపాటు వాళ్ల సొంత మాత్రలు, పొడులు అమ్ముతారా? అమ్మితే ఇంకో ల్యాబ్ చూసుకోండి. కొలిచేవాడే అమ్మేవాడైతే ఎవరికీ “మీకేమీ లోపం లేదు” అని రాదు.

నాలుగు వెంట్రుకలు యంత్రం మీద పెట్టి పది నిమిషాల్లో ఖనిజాలు, హార్మోన్లు, అలర్జీలు అన్నీ చెప్పేస్తామనే ‘స్కానింగ్’ల జోలికి పోవద్దు. లోహాన్ని కొలవాలంటే వెంట్రుకను ఆమ్లంలో కరిగించాలి. హార్మోన్‌ను కొలవాలంటే నలగ్గొట్టి ద్రావకంలో నానబెట్టి తీయాలి. రెండూ పది నిమిషాల్లో అయ్యే పనులు కావు.

4. జుట్టును సిద్ధం చేయండి

ఎక్కువమంది తప్పులో కాలేసేది ఇక్కడే. మన తలకు మనం రాసేవి తక్కువేం కాదు.

*రంగు, స్ట్రెయిటెనింగ్, కెరాటిన్, బ్లీచ్:* రంగు పడని కొత్త జుట్టు కనీసం 3 సెంటీమీటర్లు పెరిగేదాకా, అంటే మూడు నెలలు ఆగండి. తెల్ల వెంట్రుకల్ని క్రమంగా నల్లబరిచే కొన్ని రకాల రంగుల్లో సీసం ఉండొచ్చు.

*చుండ్రు షాంపూ:* వీటిలో చాలావాటికి జింక్ పైరిథియోనో, సెలీనియం సల్ఫైడో ఆధారం. పేర్లలోనే ఉంది, జింక్, సెలీనియం అంకెలు ఎటు పోతాయో. సీసా వెనక చదవండి. వాడుతుంటే ఆపి, కొత్త జుట్టు వచ్చాకే ఇవ్వండి.

*గోరింటాకు, హెన్నా పొడి:* ఆకు రుబ్బి పెట్టుకున్నా, ప్యాకెట్ పొడి కలిపినా రంగు కిందే లెక్క. ప్యాకెట్ పొడుల్లో ఆకుతోపాటు ఇంకేం కలిపారో తెలియదు.

*పాపిట సింధూరం:* కొన్ని సింధూరాల్లో సీసం, కొన్నిటిలో పాదరసం సమ్మేళనాలు బయటపడ్డాయి. పాపిడి దగ్గర నుంచి, నుదుటి పైనుంచి శాంపిల్ తీయకూడదు.

*బోరు నీళ్లు, ఈతకొలను:* బోరు నీళ్లు మానలేం. చివరి తలస్నానం వడపోసిన నీళ్లతో చేసినా, అప్పటికే వెంట్రుకలోకి ఇంకింది పూర్తిగా పోదు. ఫారంలో “బోరు నీళ్లు” అని రాయండి. ఈతకొలనులో నాచు పట్టకుండా రాగి మందులు కలుపుతుంటారు కాబట్టి ఈతకు వెళ్తుంటే అదీ రాయండి.

*స్టెరాయిడ్లు:* కార్టిసాల్ పరీక్షకు ఇది ముఖ్యం. ఆస్తమా ఇన్‌హేలర్, ప్రెడ్నిసలోన్ మాత్రలు, మోకాలికి వేయించుకున్న ఇంజెక్షన్, మొహం తెల్లబడాలని రాసే స్టెరాయిడ్ క్రీమ్ అన్నీ అంకెను తారుమారు చేస్తాయి. క్రీమ్‌ను చాలామంది మందుగా లెక్కేయరు, చెప్పరు. డాక్టర్ రాసిన స్టెరాయిడ్‌ను మాత్రం ఈ పరీక్ష కోసమని మీ అంతట మీరు ఆపొద్దు. హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

*గుండు:* మొక్కు తీర్చుకుని తలనీలాలు ఇచ్చి వచ్చినవాళ్లు మూడు నాలుగు నెలలు ఆగాలి. ఒకరకంగా వీళ్ల శాంపిల్ మేలు. గుండు తేదీ తెలుసు కాబట్టి ఆ జుట్టు ఏ కాలానిదో కచ్చితంగా చెప్పొచ్చు. రోమాలు తీసిద్దామనుకోకండి. ఒంటి మీద రోమాలు పెరిగే తీరు వేరు, ల్యాబ్ వాళ్ల హద్దులు తల వెంట్రుకకే వేసినవి.

5. కత్తిరించే రోజు

ముందురోజు మామూలు షాంపూతోనో, కుంకుడుకాయతోనో తలంటుకుని బాగా కడుక్కోండి. నూనె, కండిషనర్, సీరమ్, జెల్ వద్దు. జుట్టు పూర్తిగా ఆరాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి: తుప్పు లేని స్టీలు కత్తెర, శుభ్రమైన దువ్వెన, రెండు మూడు క్లిప్పులు, నూలు దారం, కొత్త కాగితపు కవరు, స్కేలు, పెన్ను. కార్టిసాల్‌కైతే అల్యూమినియం ఫాయిల్ కూడా. ఇంకొకరి సాయం తప్పనిసరి. అద్దంలో చూసుకుంటూ సొంతంగా కత్తిరిస్తే మాడుకు దగ్గరగా రాదు.

1. సాయం చేసేవాళ్లు చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టుకోవాలి. ఉంగరాలు తీస్తే మంచిది.
2. పైజుట్టు ఎత్తి క్లిప్పు పెట్టండి. కార్టిసాల్‌కు చోటు తల వెనక, సుడికి కాస్త కింద. పిలక పెట్టుకునే చోటనుకోండి. తల మీద మిగతా చోట్లకంటే అక్కడ అంకెల్లో తేడాలు తక్కువ. లోహాలకు అక్కణ్నుంచి మెడ పైదాకా మూడు నాలుగు చోట్ల సన్నటి పాయలు తీయండి. అలా తీస్తే ఖాళీ కూడా కనబడదు.
3. కార్టిసాల్ పాయను కత్తిరించకముందే మాడు వైపు దారంతో ముడి వేయండి. కత్తిరించాక ఏది మొదలో, ఏది చివరో చెప్పడం ఎవరి తరమూ కాదు.
4. మాడుకు ఆనించి కత్తిరించండి. పీకొద్దు.
5. మాడు వైపు 3 సెంటీమీటర్లు ఉంచి మిగతాది కోసేయండి. పొడుగు జడ మొత్తం పంపితే ఏళ్లనాటి ఎండ, నీళ్లు, షాంపూ కలిపి కొలిచినట్టే. 6 సెంటీమీటర్లు దాటాక కార్టిసాల్ కడుక్కుపోతూ ఉంటుంది.
6. లోహాలకు సాధారణంగా పావు గ్రాము దాకా అడుగుతారు. కార్టిసాల్‌కు పెన్సిల్‌లో సగం మందం పాయ చాలు. చివరికి ల్యాబ్ చెప్పిందే లెక్క.

6. కవరులో పెట్టి పంపండి

లోహాల శాంపిల్‌ను నేరుగా కాగితపు కవరులో పెట్టండి, ఫాయిల్‌లో చుట్టొద్దు. అల్యూమినియం కూడా వాళ్లు కొలిచే జాబితాలో ఉంటుంది. కార్టిసాల్ పాయను ఫాయిల్‌లో చుట్టి కవరులో పెట్టండి. ఫ్రిజ్ అక్కర్లేదు. ఎండ, తేమ తగలకపోతే చాలు.

కవరు మీద పేరు, వయసు, కత్తిరించిన తేదీ, ఏ చోటు నుంచి, ఏ షాంపూ, ఏ నీళ్లు, వాడుతున్న మందులు, గత ఏడాదిలో వేసిన రంగు. ఈ కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. రిపోర్టు చదివేటప్పుడు అది లేకపోతే చీకట్లో తడుముకోవాల్సిందే.

7. రిపోర్టు చదవండి

రంగురంగుల గీతలు, ఎర్ర బాణాలు ముందు పక్కన పెట్టండి. ఈ వరుసలో చూడండి.

*మొదట కొలమానం.* కొన్ని ల్యాబ్‌లు పీపీఎంలో ఇస్తాయి, అంటే గ్రాము వెంట్రుకలో ఎన్ని మైక్రోగ్రాములని. కొన్ని 100 గ్రాముల్లో ఎన్ని మిల్లీగ్రాములని ఇస్తాయి. రెండోదాన్ని 10తో హెచ్చిస్తే పీపీఎం వస్తుంది. ఈ లెక్క తెలియక పది రెట్లు పెరిగిందని హడలిపోయేవాళ్లున్నారు. కార్టిసాల్‌ను మిల్లీగ్రాము వెంట్రుకలో ఎన్ని పికోగ్రాములని చెప్తారు.

*తర్వాత హద్దులు.* ‘నార్మల్’ అని రాసిన హద్దు ఆ ల్యాబ్ తన దగ్గరికి వచ్చిన శాంపిళ్లతో వేసుకున్నదై ఉండొచ్చు. హద్దు దాటితే జబ్బు అని అర్థం కాదు.

*ఆపైన మీ కాగితంతో సరిపోల్చండి.* కాల్షియం, మెగ్నీషియం రెండూ పైకి ఉంటే బోరు నీళ్లు, రంగు, స్ట్రెయిటెనింగ్ ముందు అనుమానించండి. జింక్, సెలీనియం ఎక్కువైతే షాంపూ. రాగి ఎక్కువైతే ఈతకొలను, నీళ్ల గొట్టాలు. సీసం ఎక్కువైతే రంగు, సింధూరం.

*పాదరసం* 1 పీపీఎం దాటిందా చూడండి. అమెరికా పర్యావరణ సంస్థ సురక్షితమని పెట్టిన రోజువారీ మోతాదుకు వెంట్రుకలో దాదాపు ఇదే అంకె వస్తుంది. కాస్త దాటితే విషమెక్కినట్టు కాదు. ఎంత వచ్చినా గర్భిణులు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు సొర, పెద్ద ట్యూనా లాంటి వేటాడే పెద్ద చేపలు మాని, కవళ్లు, నెత్తళ్లు లాంటి చిన్న చేపలకు మారడం మంచిది. చేపలే మానేయక్కర్లేదు.

*నిష్పత్తుల పేజీ.* ఇక్కడే రిపోర్టు దారి తప్పుతుంది. కాల్షియం–పొటాషియం నిష్పత్తికి ‘థైరాయిడ్ నిష్పత్తి’ అనీ, సోడియం–మెగ్నీషియం నిష్పత్తికి ‘అడ్రినల్ నిష్పత్తి’ అనీ పేర్లు పెట్టి, వాటినిబట్టి హార్మోన్ల మీద తీర్పులిస్తారు. ఆ పేజీలో కొలిచింది హార్మోన్‌ను కాదు, నాలుగు లవణాలను. అవి కూడా చెమటకు, నీళ్లకు, షాంపూకు మారిపోయేవి. ‘అడ్రినల్ ఫటీగ్’ (కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు అలసిపోయాయనడం) అనే జబ్బును హార్మోన్ల నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ గుర్తించలేదు. నన్నడిగితే ఆ పేజీ చదవకుండా తిప్పేయండి.

8. ప్రశ్నను రక్తంతో, మూత్రంతో తేల్చుకోండి

వెంట్రుకల రిపోర్టు చూసి నేరుగా ఏ మాత్రా మొదలుపెట్టొద్దు. డాక్టర్‌తో మాట్లాడి, మీ ఇబ్బందినిబట్టి వీటిలో కావాల్సినవి చేయించుకోండి:

- నీరసం, జుట్టు ఊడడం: సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్ (ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), అవసరమైతే బీ12, విటమిన్ డీ.
- నెలసరి తప్పడం: ముందు గర్భ పరీక్ష. ఆ తర్వాత టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, టెస్టోస్టెరాన్. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ చూడాలంటే నెలసరి రెండో రోజుకూ అయిదో రోజుకూ మధ్య రక్తమివ్వాలి.
- మగవాళ్లలో టెస్టోస్టెరాన్: ఉదయం పరగడుపున. తక్కువొస్తే ఇంకో రోజు మళ్లీ చూడాలి.
- కార్టిసాల్ ఎక్కువైందన్న అనుమానం: రాత్రి 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ (ఒక స్టెరాయిడ్ మాత్ర) ఇచ్చి పొద్దున రక్తం, లేదా రాత్రి పొద్దుపోయాక లాలాజలం, లేదా 24 గంటల మూత్రం.
- జింక్: ఉదయం పరగడుపున, లోహాల పరీక్షకని ఉండే ప్రత్యేక ట్యూబులో. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు వద్దు, తక్కువ చూపిస్తుంది.
- సీసం: సిర నుంచి తీసిన రక్తం. దీనికి వెంట్రుక ప్రత్యామ్నాయం కాదు.
- ఆర్సెనిక్: మూత్రం. ముందు నాలుగైదు రోజులు చేపలు, రొయ్యలు మానాలి. తాగే నీళ్లనూ పరీక్షకు పంపాలి.

ఒక్క హెచ్చరిక. జుట్టు ఊడుతోందని బయోటిన్ (ఒక బీ విటమిన్) మాత్రలు మింగుతున్నవాళ్లు హార్మోన్ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, మోతాదు ఎక్కువైతే ఇంకా ముందే. చాలా ల్యాబ్‌లు వాడే పద్ధతిలో బయోటిన్ అడ్డుపడి టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4 అనే థైరాయిడ్ హార్మోన్‌ను ఎక్కువగా చూపిస్తుంది. లేని హైపర్ థైరాయిడ్ రిపోర్టులో పుట్టుకొస్తుంది.

9. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే దారి

*సెలూన్‌లో కింద పడ్డ జుట్టు ఏరి పంపడం.* అది కొసల జుట్టు, ఎప్పటిదో తెలియదు. మళ్లీ మాడు దగ్గర నుంచి తీయండి.

*రంగు సంగతి దాచడం, మరిచిపోవడం.* రిపోర్టు వచ్చినా సరే ల్యాబ్‌కు చెప్పండి. ఆ అంకెల మీద ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

*రిపోర్టు చూసి మూడు నాలుగు రకాల మాత్రలు ఒకేసారి మొదలుపెట్టడం.* అన్నిటికంటే ప్రమాదం ఇదే. సెలీనియం ఎక్కువైతే జుట్టే ఊడుతుంది, గోళ్లు పెళుసుబారతాయి. పెద్దవాళ్లకు రోజుకు 400 మైక్రోగ్రాములు దాటకూడదు. జింక్ రోజుకు 40 మిల్లీగ్రాములు దాటి చాలాకాలం వాడితే రాగి లోపం, దాంతో రక్తహీనత, నరాల తిమ్మిరి. కిడ్నీ జబ్బున్నవాళ్లకు పొటాషియం పొడులు గుండె మీదికి తెస్తాయి. మొదలుపెట్టేసి ఉంటే సీసాలన్నీ పట్టుకెళ్లి డాక్టర్‌కు చూపించండి.

*భస్మాలు, రసౌషధాలు చెప్పకపోవడం.* కొన్ని మందుల్లో పాదరసం, సీసం, ఆర్సెనిక్ ఉంటాయి. వాడుతుంటే వెంట్రుకలతో కాలయాపన చేయకుండా రక్తం, మూత్రం చూపించుకోవాలి.

10. పిల్లలకైతే

మాటలు ఆలస్యమైన పిల్లలకూ, ఆటిజం ఉన్న పిల్లలకూ వెంట్రుకల పరీక్ష చేయించి, “లోహాలున్నాయి, కీలేషన్‌తో తీసేస్తాం” అనేవాళ్లున్నారు. కీలేషన్ అంటే లోహాలను పట్టి ఒంట్లోంచి బయటికి పంపే మందు ఇవ్వడం. ఒప్పుకోవద్దు. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆటిజం ఉన్న అయిదేళ్ల బాబుకు ఇలాగే ఈడీటీఏ అనే కీలేషన్ మందు ఎక్కించారు. రక్తంలో కాల్షియం పడిపోయి గుండె ఆగింది. బిడ్డకు సీసం తగిలిందనిపిస్తే సిర రక్తంలో కొలిపించండి. అది నిజంగా ఎక్కువుంటే పిల్లల డాక్టర్ చూసుకుంటారు. ఇంట్లో రాలుతున్న పాత పెయింట్, కాటుక, పాత బ్యాటరీలు విప్పే పని ఏమైనా ఉందేమో మీరు వెతకండి.

11. మళ్లీ ఎప్పుడు

చేపలు తగ్గించాకో, నీళ్లు మార్చాకో తేడా చూడాలంటే కనీసం మూడు నెలలు ఆగండి. అప్పటికి మాడు దగ్గర కొత్తగా 3 సెంటీమీటర్లు పెరిగి ఉంటుంది. అదే ల్యాబ్, అదే చోటు, అదే పొడవు, అదే షాంపూ. నెల తిరక్కుండా మళ్లీ పంపమంటే పంపొద్దు. అందులో మూడింట రెండొంతులు మొదటిసారి కొలిచిన కాలానిదే ఉంటుంది.